అంచు పోరంబోకు

మా ఆఫీసులో ఫొటో తీయడం చిటికెలో పని. దానికి ఆమోదం తెచ్చుకునేసరికే తల ప్రాణం తోకకొస్తుంది.

నా పేరు గణపతి. జిల్లా దృశ్య ప్రచార కార్యాలయంలో ఫొటోగ్రాఫర్‌ని. అంతకుముందు పెళ్లిళ్లకి తీసేవాణ్ణి. పెళ్లిలో అయితే కెమెరా కంటికి ఆనించుకుని నొక్కేస్తే సరిపోయేది. ఇక్కడ అలా కుదరదు. నాకు ముందు పనిచేసినాయన హయాంలో, ఒక పెద్దమనిషి జాతీయ గీతం పాడుతుంటే తీసిన ఫొటోలో ఆయన ఆవలిస్తున్నట్టు పడ్డాడట. అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టారు. నేను కెమెరాని స్టాండు మీద నిలబెట్టి పక్కకి తప్పుకోవాలి. మా అధికారి బుద్ధవరపు సోమయాజులుగారు వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కెమెరా వెనక ఉండే చిన్న కిటికీలోంచి, అదే వ్యూఫైండర్‌లోంచి, ఒంటికంటితో చూడాలి. చూసి "దృశ్యం ఆమోదించడమైనది" అనాలి. అప్పుడు నేను నొక్కాలి. ఒకసారి ఆమోదం అయిపోయాక పడిన ఫొటోని మళ్లీ ఎవరూ చూడరు. చూస్తే సోమయాజులుగారి ఆమోదాన్ని అనుమానించినట్టవుతుంది. అందుకని ఉన్నదున్నట్టు పేపర్లకి పంపేస్తాం.

ఈ పద్ధతిలో ఒక చిన్న లొసుగుంది. మా కెమెరా పాతది. అలాంటి కెమెరాల్లో వ్యూఫైండర్‌లో కనిపించేదానికన్నా ఫొటోలో కాస్త ఎక్కువే పడుతుంది. నాలుగు వైపులా అంచుల్లో కలిపి నూటికి అయిదు వంతులు అనుకోండి. ఫొటోలు తీసే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. పెళ్లి ఫొటోల్లో తలంబ్రాల పక్కన ఎవరో మేనమామ మోచెయ్యి, మోచేతి కింద సగం లడ్డూ వచ్చి పడుతుండేవి. కత్తిరించి పారేసేవాణ్ణి. ఇక్కడ ఆమోదించిన దృశ్యాన్ని కత్తిరించడం నేరం.

చినగెడ్డవలస కొత్త కాలనీలో మంచినీళ్ల ట్యాంకు ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చిన రోజున ఈ లొసుగు కొంప ముంచింది.

ట్యాంకు సిద్ధమైంది, రంగు వేశారు, పేర్లు చెక్కిన రాయి కూడా పాతారు. మోటారొక్కటే రాలేదు. ఇంజినీరు సన్యాసినాయుడుగారు అనుభవజ్ఞుడు, ఇలాంటి చిన్న విషయాలకి కంగారుపడే మనిషి కాదు. కొళాయి గొట్టాన్ని షామియానా తెర చాటుకి లాగి, దాని రెండో మూతి పైకి తిప్పించారు. పక్కన స్టూలు వేయించారు. స్టూలు మీదికి పైడితల్లిని ఎక్కించారు.

పైడితల్లి ఆ ట్యాంకు దగ్గర కాపలా మనిషి. మొగుడు పోయాక కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. పంపు గది ఒకటుంది, మోటారు లేని గది. ఆవిడ కాపురం అందులోనే. ఉద్యోగం ఉంటే గది ఉంటుంది, గది ఉంటే ఆవిడకి తల మీద నీడ ఉంటుంది. అందుకని ఇంజినీరుగారు ఏం చెప్పినా కాదనదు.

"మంత్రిగారు కొళాయి తిప్పగానే బిందె వంచాలి. ఆపేస్తే నువ్వూ ఆపెయ్యాలి. అర్థమైందా?" అన్నారాయన.

"అలాగే బాబూ. మంత్రిబాబు నవ్వితే పొయ్యాల, సప్పట్లు కొడితే ఆపాల, అంతే కదేటి" అంది పైడితల్లి.

సోమయాజులుగారు వ్యూఫైండర్‌లోంచి చూశారు. మంత్రిగారు, కలెక్టరుగారు, కొళాయి, పూలదండ, ఎడమ పక్క తెర అంచు. అంతా కుదిరింది. దృశ్యం ఆమోదించడమైనది. నేను నొక్కాను. నీళ్లు ధారగా పడ్డాయి, చప్పట్లు మోగాయి.

మర్నాడు పేపరు తెరిస్తే మంత్రిగారు నవ్వుతూ కొళాయి తిప్పుతున్నారు. ఆయనకి ఎడమ పక్కన, తెర అంచు దాటాక, చీర చెంగు నడుముకి చుట్టుకుని స్టూలెక్కిన పైడితల్లి గొట్టంలోకి బిందెతో నీళ్లు పోస్తోంది. శివుడికి అభిషేకం చేస్తున్నంత శ్రద్ధగా పోస్తోంది.

ఆ మధ్యాహ్నమే అత్యవసర సమావేశం పెట్టారు. ట్యాంకులో నీళ్లెందుకు లేవని అక్కడ ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న వేస్తే మోటారు గురించి మాట్లాడాలి, మోటారంటే టెండరు, టెండరంటే బోలెడు పెద్దమనుషుల పేర్లు. అందరి కళ్లూ నా కెమెరా మీద పడ్డాయి.

"ఆమోదించిన దృశ్యంలో లేని మహిళ ఫొటోలోకి ఎలా ప్రవేశించినది?" అని కలెక్టరుగారు అడిగారు.

వ్యూఫైండర్ సంగతి నేను వివరించాను. చూపుకి తొంభై అయిదు వంతులే అందుతాయని, మిగతా అయిదు ఫొటోలో మాత్రమే వస్తాయని చెప్పాను.

"అంటే, ఇన్నేళ్లుగా మన జిల్లాలో అయిదు శాతం ప్రభుత్వ పర్యవేక్షణ లేకుండా ఉన్నదన్నమాట" అన్నారు కలెక్టరుగారు, గుండె మీద చెయ్యి వేసుకుని.

విచారణ కమిటీ వేశారు. దానికి పెద్దగా రిటైరైన ఆర్డీఓ మంగిపూడి లక్ష్మీపతిరావుగారిని పిలిపించారు. ముప్ఫయ్యేళ్లు భూమి తగాదాలు తీర్చిన మనిషి. కెమెరా గురించి ఆయనకి ఏమీ తెలియదు, అందుకని నిష్పక్షపాతంగా ఉంటారని నమ్మకం. ఆయన కెమెరాని బల్ల మీద పెట్టించి, చుట్టూ ప్రదక్షిణగా తిరిగి చూశారు.

"ఏవయ్యా గణపతీ, ఈ అయిదు శాతానికి పట్టాదారు ఎవరు?"

"ఎవరూ లేరండి. కెమెరా చేసినప్పుడే అలా వదిలేస్తారు."

"వదిలేశారంటే పోరంబోకే" అన్నారాయన, సంతృప్తిగా. "చుట్టూ సరిహద్దు తెలుసు, హక్కుదారు లేడు. అచ్చంగా పోరంబోకు. అందులో నిలబడినవారు ఎవరైనా ఆక్రమణదారే."

ఇంకేముంది, పైడితల్లికి నోటీసు వెళ్లింది. అది పట్టుకుని ఆవిడ నా దగ్గరికొచ్చింది. చదివి వినిపించాను. సదరు తేదీన, సదరు ఫొటో యొక్క ఎడమ అంచు పోరంబోకునందు అనధికారికముగా ప్రవేశించి, స్టూలు వగైరా తాత్కాలిక కట్టడము సహితముగా ఆక్రమించినందుకు సంజాయిషీ ఇచ్చుకొనవలెను.

"నాను నిలబడింది ట్యాంకు గట్టు మీద బాబూ. పొటోలో నాకేటి పని? ఇంజినీరు బాబే సెయ్యట్టుకుని ఎక్కించినారు" అంది. "ఈ కాయితానికి నా గది పోదు కదా?"

పోదులే అన్నాను. నా మాటకేం విలువుంది కనక.

విచారణ రోజు నన్ను కూడా పిలిచారు, కెమెరాని సాక్ష్యంగా తేవడానికి. లక్ష్మీపతిరావుగారు మెత్తగానే మొదలుపెట్టారు.

"అమ్మా, ఆ రోజు నువ్వు డ్యూటీలో ఉన్నావా?"

"ఉన్నాను బాబూ. పేపర్లో కూడా పడ్డాను కదా."

"పేపర్లో పడటం వేరు, చూపులో పడటం వేరు. ఆమోదించిన దృశ్యంలో నువ్వు లేవు."

"మరి బిందెడు నీలు ఎవరు పోసినట్టు?"

"బిందె ఎక్కడుంది? అది కూడా పోరంబోకులోనే ఉంది."

పైడితల్లి నా వైపు చూసింది. నేను కెమెరా వైపు చూశాను. కెమెరా ఎవరి వైపూ చూడలేదు.

తీర్పు చాలా అందంగా వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. పైడితల్లి ఫొటోలో ఉన్నది, ఆమోదిత దృశ్యంలో లేదు. కావున ప్రభుత్వ దృష్టిలో ఆమె సదరు స్థలమున లేదు. ఆమె లేదు కనుక బిందె లేదు. బిందె లేదు కనుక కొళాయిలో వచ్చిన నీరు ట్యాంకు నీరే. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంజినీరుగారు అందరికీ పుణుగులు తెప్పించారు.

తినేశాక చేతులు తుడుచుకుంటూ ఎవరో ఒక చిన్న సందేహం లేవనెత్తారు. ఆ రోజు పైడితల్లి అక్కడ లేదని తేల్చాం కదా, మరి కాపలా మనిషి మంత్రిగారు వచ్చిన రోజున అక్కడ లేకపోవడమేమిటి? విధులకు గైర్హాజరు. అదీ ముఖ్యమైన రోజున. వారం తిరక్కుండా ఆవిణ్ణి తీసేశారు. పంపు గదికి తాళం పడింది. సామాను బిందెలో వేసుకుని తమ్ముడింటి అరుగు మీదికి చేరింది. నాకు ఒళ్లు మండిపోయింది. సోమయాజులుగారి దగ్గరికి వెళ్లి ఇది అన్యాయం అన్నాను.

"అన్యాయమని నాకూ తెలుసయ్యా. కానీ తర్కంలో తప్పు చూపించు" అన్నారాయన. తర్కంలో తప్పు లేదు. అదే నా బాధ.

ఆ తర్వాత జిల్లా అంతటా అంచు నియమావళి అమల్లోకి వచ్చింది. ఏ సభ జరిగినా ముందు రోజే సర్వేయర్లు గొలుసు పట్టుకుని వచ్చి, కెమెరా ఎక్కడ నిలబడుతుందో కనుక్కుని, పోరంబోకు ఎంతవరకో కొలిచి, సున్నం గీతలు గీసేవారు. ఆ స్థలంలో ఎవరూ నిలబడకుండా చూడటానికి ఒక వీఆర్వోని పెట్టారు. మొదటి సభలోనే ఆ వీఆర్వో అంచులో ఫొటోకి దొరికిపోయాడు. కాపలా కాయాలంటే అక్కడే నిలబడాలి కదా పాపం. ఆయనకి మెమో ఇచ్చి, ఆయన మీద నిఘాకి ఇంకొకాయన్ని పెట్టారు. రెండోసారి ఇద్దరూ పడ్డారు. ఒక హాస్టల్ భవనం ప్రారంభానికి అంచు కాపలా వాళ్లు అంతమంది అయ్యారంటే, మధ్యలో ఉన్న ఎమ్మెల్యేగారు, వార్డెను ఎవరికో పట్టుబడిన దొంగల్లా కనిపించారు.

అయితే మనవాళ్ల తెలివిని తక్కువ అంచనా వేయకూడదు. కొన్నాళ్లకే అందరికీ అసలు కిటుకు అర్థమైంది. అంచులో ఉన్నది లేనట్టే అయితే, లేకుండా పోవలసినవన్నీ అంచులోకి తోసేస్తే సరి. ఇక చూసుకోండి. జిల్లాలో ఉన్న పగుళ్లు, గుంతలు, ఊడిన పెచ్చులు అన్నీ అంచులకి జరిగాయి. కాంట్రాక్టర్లు పని మొదలుపెట్టే ముందు నాకు ఫోన్ చేసేవారు.

"గణపతిగారూ, మీ స్టాండు ఎక్కడ వేస్తారండి? అంతమేరకే సిమెంటు వేయిస్తాను."

ఒక ఊళ్లో బడి గోడకి వ్యూఫైండర్ కొలతకే సున్నం వేశారు. దగ్గరికెళ్లి చూస్తే గోడ మీద పెద్ద తెల్ల రుమాలు ఆరేసినట్టుంది. ఒక ఆసుపత్రిలో మంచాలు వేసినంతమేరా పైకప్పు ఉంది, పైకప్పు లేనంతమేరా పోరంబోకుంది. ఆమోదించిన దృశ్యాలన్నీ లక్షణంగా వచ్చాయి, అంచుల్లో పడినవి ఎలాగూ లెక్కలోకి రావు. రాష్ట్రంలో అతి తక్కువ సమస్యలున్న జిల్లాగా మాకు షీల్డు ఇచ్చారు.

ఆ షీల్డే మా ప్రాణం మీదికి తెచ్చింది. ఇంత మంచి జిల్లాకి పాత కెమెరా ఏమిటని రాజధాని నుంచి సరికొత్త కెమెరా పంపారు. దాని వెనక తెర ఉంది. తెర మీద ఏది కనిపిస్తే ఫొటోలో అదే పడుతుంది, నూటికి నూరు వంతులు. ఒక వెంట్రుక అటూ ఇటూ ఉండదు. నేను సంబరంగా సోమయాజులుగారికి చూపించాను. ఆయన పాత కెమెరా కిటికీ, కొత్తదాని తెర పోల్చి చూసి, కుర్చీలో కూలబడ్డారు.

"అంతా కనిపించేస్తోందేమయ్యా" అన్నారు నీరసంగా. "ఇందులో మనకంటూ ఏమీ మిగల్చలేదే."

వెనక్కి పంపేద్దామంటే షీల్డు మీద మచ్చ. వాడదామంటే పోరంబోకు పోయె. అంచులు లేని కెమెరా పాలనకి అనుకూలం కాదని ఉత్తరం రాయించారు. దానికి జవాబు రాకముందే మంత్రిగారే మళ్లీ బయల్దేరారు. చినగెడ్డవలస ట్యాంకు మొదలుపెట్టి ఏడాది అవుతోందట, లబ్ధిదారుల ఆనందంలో పాలుపంచుకుంటారట. కొత్త కెమెరాతోనే తీయాలని కబురు.

మోటారు ఇంకా రాలేదు.

సన్యాసినాయుడుగారు యథాప్రకారం గొట్టం మూతి పైకి తిప్పించారు, స్టూలు వేయించారు. స్టూలెక్కే మనిషి దొరకలేదు. ఆఫీసు ప్యూన్ నడుం నొప్పి అన్నాడు. కొత్తగా పెట్టిన కాపలా మనిషి అయితే చేతులు జోడించేశాడు. "పైడమ్మకేటైందో సూసినాను బాబూ. నీలు పోసినోలకి నోటీసొస్తాది. నానొల్లను" అన్నాడు. కాలనీలో ఇంటింటికీ తిరిగారు. అందరిదీ అదే మాట.

ఈలోగా కార్లు వచ్చేశాయి. దండలయ్యాయి, ఉపన్యాసం అయింది. మంత్రిగారు కొళాయి తిప్పారు. కొళాయి ఒకసారి బుస్సుమని ఊరుకుంది. మంత్రిగారు నవ్వు ముఖం మీద అలాగే ఉంచి, కలెక్టరుగారి వైపు పళ్ల సందులోంచి ఏదో అన్నారు. కలెక్టరుగారు ఇంజినీరుగారిని చూశారు. ఇంజినీరుగారు జనంలోకి చూశారు. అక్కడ ముందు వరసలోనే పైడితల్లి నిలబడి ఉంది, చంకలో నిండు బిందెతో.

సన్యాసినాయుడుగారు పరుగెత్తుకెళ్లి బతిమాలడం మొదలుపెట్టారు. "పైడితల్లీ, నీకు పుణ్యముంటుంది, ఒక్కసారి స్టూలెక్కు."

"నానిక్కడ లేను కదా బాబూ" అంది పైడితల్లి, ఏ మాత్రం వెటకారం లేకుండా. "లేనని మీరే రాసిచ్చినారు. లేని మనిసి ఎలగ పోత్తాది?"

"ఇప్పుడున్నావు కదమ్మా, కనిపిస్తున్నావు."

"అప్పుడూ కనిపించినాను. మీకు పని పడితే ఉన్నట్టు, పనైపోతే లేనట్టు. నానొప్పుకోను. ఆ దినం ఉన్నాను, ఈ దినం ఉన్నాను అని కలెక్టరు బాబు సంతకం ఎట్టాల. నా గది తాళం నాకిచ్చేయాల. అప్పుడెక్కుతాను."

అంతమంది ఎదుట ఆ మాట అనేసి, బిందెని ఇంకో చంకకి మార్చుకుంది.

మంత్రిగారి నవ్వు కరిగిపోతోంది. కలెక్టరుగారు ఇంకో దారి లేక అక్కడే, పూలబుట్ట మీద కాగితం పెట్టుకుని రాశారు. పైడితల్లి అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది, ఇకపై ఉండును. తాళం చెవి కొత్త కాపలా మనిషి నడుముకే ఉంది. విప్పి ఇచ్చేశాడు, పీడా విరగడైనట్టు. పైడితల్లి కాగితాన్ని జాకెట్లో దోపుకుని స్టూలెక్కింది.

ఇప్పుడు చిక్కు మాకొచ్చింది. సోమయాజులుగారు కొత్త కెమెరా తెరలోకి చూశారు. మంత్రిగారు, కొళాయి, పూలదండ, పైడితల్లి, బిందె. షామియానా తెర అంచు దాటి ఉన్నదంతా కూడా కనిపిస్తోంది.

"ఆవిడ వస్తోందయ్యా. కెమెరా కాస్త కుడికి తిప్పు."

"కుడికి తిప్పితే మంత్రిగారు పోతారండి."

ఆయన, అంచు తగాదా వస్తే తీర్చడానికని వేదిక పక్కనే కూర్చోబెట్టిన లక్ష్మీపతిరావుగారిని పిలిచారు. లక్ష్మీపతిరావుగారు తెరలోకి చూసి, గడ్డం గోక్కుని, తీర్పు చెప్పారు. "పోరంబోకు లేదు కాబట్టి ఆక్రమణ లేదు. ఆమె ఉన్నట్టు కలెక్టరుగారి సంతకం ఉంది. ఉన్న మనిషిని దృశ్యంలోంచి తీసేసే అధికారం మనకి లేదు. ఆమోదించవలసిందే."

"బిందె?"

"ఆమె ఉంటే బిందె కూడా ఉన్నట్టే. మన పాత తీర్పులోనే ఉంది."

కలెక్టరుగారు కూడా ఒకసారి చూశారు. అందరూ తలలూపారు. దృశ్యం ఆమోదించడమైనది అని సోమయాజులుగారు చెమట తుడుచుకుంటూ అన్నారు. మంత్రిగారు తిప్పారు, పైడితల్లి వంచింది, నేను నొక్కాను.

మర్నాడు అన్ని పేపర్లలోనూ మొదటి పేజీలో పడింది. నా జీవితంలో అంత స్పష్టంగా వచ్చిన ఫొటో ఇంకోటి లేదు. బిందె మూతి నుంచి గొట్టంలోకి, కొళాయి నుంచి మంత్రిగారి దోసిట్లోకి, నీటి ధార మొత్తం చుక్క చుక్కా లెక్కపెట్టుకోవచ్చు. సమీక్షా సమావేశంలో ఫొటోని గోడకి అంటించి, పక్కన కెమెరా తెర మీద ఆమోదించిన దృశ్యం పెట్టి, లక్ష్మీపతిరావుగారు భూతద్దంతో అంచులన్నీ తనిఖీ చేశారు. రెంటికీ రవ్వంత తేడా లేదు. చూపు, ఫొటో నూటికి నూరు పాళ్లు సరిపోయాయని అందరూ ఒకరినొకరు అభినందించుకున్నారు. సోమయాజులుగారు నాకు శాలువా కప్పారు.

అదే సమయంలో మంత్రిగారి నుంచి ఫోన్ వచ్చింది. గొంతు గది చివర్న ఉన్న నాకు కూడా వినిపించింది. ఆ బిందె ఏమిటయ్యా ఆ బిందె, అని అరుస్తున్నారు.

కలెక్టరుగారు లేచి నిలబడి సమాధానం చెప్పారు. "అది ఆమోదించిన బిందె సార్."

ఆ మాటకి మంత్రిగారి గొంతు మెత్తబడింది. "ఆ మాట ముందే చెప్పొద్దటయ్యా. ఆమోదించినదైతే ఇంక గొడవేముంది" అన్నారు.

ఆ ఆదివారం నేను ఫొటో పెద్దదిగా ప్రింటు తీయించి చినగెడ్డవలస తీసుకెళ్లాను. పైడితల్లి పంపు గది తలుపులు బార్లా తీసి, గడప కడుగుతోంది. ఫొటో చేతికిస్తే చెంగుతో తుడిచి, వెలుగులో పెట్టి చూసుకుంది.

"ఈ తడవ మద్దిలోకి వొచ్చినాను కదా బాబూ" అంది. ముఖం వెలిగిపోయింది. నాకు నిజంగా సంతోషమేసింది.

మోటారు ఉండవలసిన చోట గోడకి మేకు కొట్టి, దానికి ఫొటో తగిలించింది. నాకు టీ పెడతానంది. పొయ్యి వెలిగించబోయి, కుండలోకి తొంగి చూసి, బిందె చంకనేసుకుని పక్క వీధి బోరింగు దగ్గరికి నీళ్లకి వెళ్లింది.